రా పాయింటర్లతో కంటైనర్ కట్టాలంటే: సీ, సీ ప్లస్ ప్లస్, రస్ట్, జిగ్‌లలో దేన్ని ఎప్పుడు ఎంచుకోవాలి?

మిర్యాలగూడ పక్కన ఒక రైస్ మిల్లులో వే బ్రిడ్జి సాఫ్ట్‌వేర్ చూసుకునే పని కొన్నాళ్లు నాది. యాసంగి కోతలు మొదలైతే మిల్లు గేటు నుంచి రోడ్డు దాకా ట్రాక్టర్లు బారులు తీరతాయి. ఒక్కో ట్రాక్టర్ రెండుసార్లు కాంటా ఎక్కుతుంది. వడ్లతో ఒకసారి, వడ్లు దించి వచ్చాక ఖాళీగా ఇంకోసారి. ఆ రెండు బరువుల తేడాయే రైతుకు కట్టే లెక్క. ఒకరోజు మధ్యాహ్నం వరసగా మూడు చిట్టీల్లో ఖాళీ బరువు సున్నా అని వచ్చింది. అంటే ట్రాక్టరు, ట్రాలీ బరువు కూడా వడ్లలో కలిసిపోయింది. కాంటా గుమస్తా చూసి ఆపాడు కాబట్టి సరిపోయింది. నాలుగో చిట్టీ నుంచి అంతా మామూలే. సాయంత్రం మళ్లీ అదే తంతు.

ప్రోగ్రామ్ సీలో రాసింది, ఆ భాగం రాసింది నేనే. ట్రాక్టర్ల వివరాలకు, మెమరీ అడిగి తీసుకునే మాలాక్‌తో 64 గదుల పట్టిక తీసుకున్నాను. నిండితే రియలాక్‌తో రెట్టింపు చేస్తున్నాను. వడ్లు దించడానికి లోపలికి వెళ్లిన ట్రాక్టర్లను గుర్తుపెట్టుకోవడానికి, పట్టికలోని వాటి గదుల అడ్రస్‌లు, అంటే పాయింటర్లు, ఇంకో చిన్న జాబితాలో దాచాను. 65వ ట్రాక్టర్ వచ్చేసరికి రియలాక్ పట్టికనంతా వేరేచోటికి మార్చింది. లోపల ఉన్న మూడు ట్రాక్టర్లు తిరిగి వచ్చి కాంటా ఎక్కితే, వాటి ఖాళీ బరువు పాత అడ్రస్‌లో, అప్పటికే వదిలేసిన మెమరీలో పడింది. చిట్టీ మాత్రం కొత్త పట్టిక నుంచి ప్రింట్ అయింది. అక్కడ సున్నాయే ఉంది. గోదాము మారింది, హమాలీల చేతిలో చీటీ మాత్రం పాత గోదాముదే. సాయంత్రం జరిగింది 129వ ట్రాక్టర్ దగ్గర.

కోతలకు ముందు మేం పరీక్షించిన రోజుల్లో ఇరవై, ముప్పై ట్రాక్టర్లకు మించి రాలేదు. అందుకే బయటపడలేదు. వచ్చినా, పక్కన జాగా ఉంటే రియలాక్ ఉన్నచోటే పెంచేస్తుంది, అప్పుడు కూడా అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ప్రోగ్రామ్ క్రాష్ అయి ఉంటే నాకు ఇంత టెన్షన్ ఉండేది కాదు. అది తప్పు లెక్క చెప్పి, తన పని తాను చేసుకుపోయింది.

నల్లగొండలోనూ పాలమూరులోనూ సిస్టమ్స్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టిన పిల్లలు నన్ను తరచుగా అడిగేది ఒకటే: "అన్నా, సొంతంగా వెక్టర్ రాయాలంటే ఏ భాష మంచిది?" వెక్టర్ అంటే అవసరాన్ని బట్టి పెరిగే పట్టిక, అలా విలువలను దాచే కట్టడాలన్నీ కంటైనర్లే. భాషకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటి ఉంది. రా పాయింటర్ అంటే ఒట్టి అడ్రస్. ఆ అడ్రస్ వెనుక ఎన్ని గదులున్నాయి, వాటిలో ఎన్ని నిజంగా నిండాయి, ఆ జాగా ఎప్పటిదాకా మనది, దాన్ని ఖాళీ చేసే బాధ్యత ఎవరిది అన్న నాలుగు సంగతులు పాయింటర్‌లో ఎక్కడా రాసి ఉండవు. ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. మీరా, కంపైలరా, పరీక్షల్లో వాడే టూలా? ఒక్కో భాష ఈ లెక్కను ఒక్కొక్కరి నెత్తిన పెడుతుంది. మీరు ఎంచుకునేది నిజానికి ఆ లెక్క రాసే మనిషిని.

ఇది నాలాంటి చిన్న ప్రోగ్రామర్ల గొడవే అనుకోకండి. తాము ఏటా సరిచేసే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీ తప్పులేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. క్రోమ్ బ్రౌజర్‌కు ఆధారమైన క్రోమియం బృందం కూడా తమ తీవ్రమైన లోపాల్లో అంతే శాతం లెక్క తేల్చింది. అందులో సగం వదిలేసిన మెమరీని మళ్లీ ముట్టుకోవడం వల్ల వచ్చినవే. నా 65వ ట్రాక్టర్ కూడా ఆ జాతిదే.

ముందు, అసలు కట్టాలా?

చాలామందికి అక్కర్లేదు. సీ ప్లస్ ప్లస్‌లో వెక్టర్, రస్ట్‌లో వెక్ ఉన్నాయి, వేల మంది ఏళ్ల తరబడి వాడి నలగ్గొట్టినవి. సొంతంగా కట్టాల్సి వచ్చేది కొన్నిచోట్లే. ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌లో రికార్డు లోపలే లింకులు పెట్టుకునే లిస్టులు, హార్డ్‌వేర్ నేరుగా రాసే రింగ్ బఫర్లు, లాక్ లేకుండా నడిచే క్యూలు, లేదంటే మాలాక్ మెమరీ ఇచ్చే మామూలు హీప్ కాకుండా ప్రత్యేకమైన మెమరీ వాడాల్సిన చోట్లు. నేర్చుకోవడానికి కట్టడం కూడా మంచి కారణమే, ఒక్కసారైనా కట్టి చూడండి. కానీ నేర్చుకోవడానికి కట్టినదాన్ని మిల్లుకు తీసుకెళ్లి పెట్టొద్దు.

వడ్ల తేమ కొలిచే మీటర్‌లాంటి చిన్న పరికరానికి రాస్తుంటే, కొన్ని కిలోబైట్ల మెమరీయే ఉంటే, హీప్ జోలికే పోకండి. గరిష్ఠంగా ఎన్ని రీడింగ్‌లు దాచాలో ముందే తేల్చి, అంత స్థిరమైన అర్రే పెట్టి, పక్కన ఒక లెక్క పెట్టుకోండి. పెరగని పట్టిక చోటు మారదు, ఫ్రీ చేయాల్సిన పనీ ఉండదు. నిండితే ఏం చేయాలన్నది ఒక్కటే తేల్చుకోవాలి.

సీ

సీలో నాలుగు సంగతులూ మీ తలలోనే ఉండాలి. కంపైలర్ ఒక్కటి కూడా మోయదు. అందుకే ఏ తప్పులు ఎక్కడ దాక్కుంటాయో ముందే తెలుసుకోవాలి.

రియలాక్ ఫలితాన్ని నేరుగా పాత పాయింటర్‌లోనే వేసుకోవడం అందరూ చేసే తప్పు. మెమరీ దొరక్కపోతే రియలాక్ నల్ (ఏ జాగానూ చూపని అడ్రస్) ఇస్తుంది, పాత జాగా మాత్రం అలాగే ఉంటుంది. దాని అడ్రస్ మీ చేతిలోంచి పోయింది, ఇక దాన్ని చదవలేరు, ఫ్రీ చేయలేరు. ఫలితాన్ని వేరే వేరియబుల్‌లో తీసుకుని, నల్ కాదని చూసుకున్నాకే పాతదానిలో వేయండి.

రెండోది గుణకారం. రికార్డుల సంఖ్యను రికార్డు సైజుతో గుణించి మాలాక్‌కు ఇస్తాం. 32 బిట్ల యంత్రం మీద 64 బైట్ల రికార్డులు 6,71,08,864 కావాలని అడిగితే గుణకారం సరిగ్గా 2 ఘాతం 32 అవుతుంది, అంటే చుట్టుకుని సున్నా అవుతుంది. మాలాక్ సున్నా బైట్లు ఇచ్చి ఊరుకోవచ్చు, మీరేమో ఆరు కోట్ల పైచిలుకు గదులు ఉన్నాయనుకుని రాసుకుపోతారు. మామూలు మిల్లులో అంత సంఖ్య రాదు, నిజమే. కానీ ఆ సంఖ్య నెట్‌వర్క్ నుంచో, ఫైల్ నుంచో వస్తే, పంపినవాడు కావాలనే ఆ అంకె పంపుతాడు. మొదటిసారి తీసుకునేటప్పుడు కాలాక్ వాడితే ఈ గుణకారం అదే చూసుకుంటుంది. పెంచేటప్పుడు రియలాక్‌అర్రే వాడండి. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి వచ్చిన ఈ ఫంక్షన్, లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీలో 2.26 నుంచి ఉంది.

ఇక మూడోది, నాకు జరిగింది. దానికి సీలో భాషాపరమైన మందు లేదు. పెరిగే పట్టిక లోపలి అడ్రస్‌ను ఎక్కడా దాచుకోకూడదన్న నియమం మీరే పెట్టుకోవాలి, జట్టులో అందరూ పాటించాలి. జట్టు పెద్దదైతే ఆ నియమం నిలవదు, నేను చూసింది అదే.

సీ ప్లస్ ప్లస్

ఇక్కడ ఖాళీ చేసే బాధ్యతను, ఆబ్జెక్ట్ పని అయిపోగానే దానంతట అదే నడిచే డిస్ట్రక్టర్ మీద పెట్టొచ్చు. మిగతా మూడు సంగతులు చాలావరకు మీ దగ్గరే ఉంటాయి. ఇది చాలామందికి ఒంటపట్టదు. "నేను మాలాక్ వాడట్లేదు, వెక్టర్ వాడుతున్నా, నాకేం భయం" అంటారు. వెక్టర్‌లో ఒక ఎలిమెంట్ రిఫరెన్స్ పట్టుకుని, తర్వాత పుష్ బ్యాక్‌తో ఇంకోటి చేర్చి, మళ్లీ ఆ రిఫరెన్స్ వాడి చూడండి. మా మిల్లు కథే. కంపైలర్ నోరెత్తదు.

సొంత కంటైనర్ కడితే ఇంకో రెండు గుంతలు కనిపిస్తాయి. లోపల రా పాయింటర్ ఉన్న క్లాస్‌కు కాపీ కన్‌స్ట్రక్టర్ మీరు రాయకపోతే కంపైలర్ తానే ఒకటి రాస్తుంది, అది అడ్రస్‌ను మాత్రమే కాపీ చేస్తుంది. రెండు ఆబ్జెక్ట్‌లు ఒకే జాగా తమదనుకుంటాయి, రెండూ ఫ్రీ చేస్తాయి. కాపీ, మూవ్, రెండు అసైన్‌మెంట్‌లు, డిస్ట్రక్టర్, ఈ ఐదింటి గురించీ మీరే నిర్ణయం తీసుకోవాలి. లేదా లోపలి జాగాను, ఒక్కరే యజమానిగా ఉండే యూనిక్ పాయింటర్‌కు అప్పగిస్తే పొరపాటు కాపీని కంపైలర్ ఆపేస్తుంది. నేనైతే రెండోదే చేస్తాను.

రెండో గుంత ఎక్సెప్షన్, అంటే తప్పు వచ్చిందని పనిని మధ్యలో ఆపేసే సంకేతం. పట్టిక పెంచుతూ పాత ఎలిమెంట్లను కొత్త జాగాలోకి మోస్తున్నారు. సగం మోశాక మూవ్ కన్‌స్ట్రక్టర్ ఎక్సెప్షన్ విసిరింది. ఇప్పుడు సగం సామాను అక్కడ, సగం ఇక్కడ. వెనక్కి తెద్దామంటే అప్పుడూ విసరొచ్చు. అందుకే మూవ్ విసరదని నోఎక్సెప్ట్‌తో మాట ఇస్తేనే లైబ్రరీ వెక్టర్ మూవ్ చేస్తుంది. మాట లేకపోతే, కాపీ కుదిరినంతవరకు కాపీయే చేస్తుంది, పాతది చెడకుండా. మీ టైప్‌కు నోఎక్సెప్ట్ రాయకపోతే వెక్టర్ ఎందుకు నెమ్మదించిందా అని బుర్ర గోక్కునేది ఇందుకే.

ఉన్న కోడ్ అంతా సీ ప్లస్ ప్లస్‌లో ఉంటే దాన్ని వదిలి పారిపోమని నేను చెప్పను. జీసీసీ కంపైలర్ లైబ్రరీలో గ్లిబ్‌సీఎక్స్‌ఎక్స్ అసర్షన్స్ అనే మాక్రో ఆన్ చేస్తే వెక్టర్ హద్దులు దాటినప్పుడు ప్రోగ్రామ్ అక్కడే ఆగుతుంది. హద్దులు దొరుకుతాయి, పాత అడ్రస్ దొరకదు. ఆ తేడా గుర్తుంచుకోండి.

రస్ట్

2015లో 1.0 వచ్చిన ఈ భాషలో, జాగా ఎప్పటిదాకా, ఎవరిది అన్న రెండు లెక్కలు కంపైలర్ మోస్తుంది. నా ట్రాక్టర్ కోడ్‌ను మక్కీకి మక్కీ రస్ట్‌లో రాద్దామని తర్వాత ఒకసారి కూర్చున్నాను. వెక్ లోపలి ఒక రికార్డుకు రిఫరెన్స్ పట్టుకుని ఉండగా, అదే వెక్‌కు పుష్ చేయబోతే కంపైల్ కాలేదు. ఒకపక్క అరువు తీసుకుని ఉన్నారు, ఇంకోపక్క మారుస్తానంటే కుదరదని కంపైలర్‌లోని బారో చెకర్ లైన్ నంబర్లతో సహా చెప్పింది. 65వ ట్రాక్టర్ దాకా ఆగక్కర్లేదు.

కానీ మన విషయం కంటైనర్ వాడటం కాదు, కట్టడం. రా పాయింటర్‌తో కట్టాలంటే, కంపైలర్ హామీ ఇవ్వలేని పనులకు పెట్టే అన్‌సేఫ్ అనే భాగం రాయాలి, అక్కడ లెక్క తిరిగి మీ నెత్తికే వస్తుంది. అయితే రస్ట్‌లో ఆ భాగాన్ని ఒక చిన్న మాడ్యూల్‌లో బిగించి, బయటివాళ్లు ఎలా వాడినా తప్పు జరగని తలుపు పెట్టొచ్చు. నిజమైన లాభం అదే. వంద ఫైళ్లు వెతికే బదులు ఒక్క ఫైల్‌ను పది మంది చూస్తే చాలు.

ఆ ఒక్క ఫైల్ మాత్రం కష్టమే. సున్నా సైజు టైప్‌లకు, మెమరీ ఇచ్చే అలాకేటర్‌ను అడగకూడదు, అడిగితే నిర్వచనం లేని ప్రవర్తన. తీసుకున్నప్పుడు చెప్పిన సైజు, అలైన్‌మెంట్‌లతోనే తిరిగి ఇవ్వాలి. ఇంకా నింపని గదిని మామూలుగా అసైన్ చేస్తే, అక్కడ లేని పాత విలువను డ్రాప్ చేయబోతుంది, అంటే శుభ్రం చేసి వదిలేయబోతుంది, కాబట్టి పాయింటర్ రైట్ వాడాలి. అన్నిటికన్నా నాకు కొత్తగా అనిపించింది ఇంకొకటి. రస్ట్‌లో ఏ విలువనైనా డ్రాప్ కాకుండా మరిచిపోవడం సేఫ్ కోడే. అంటే మీ కంటైనర్ ఇచ్చిన, ఎలిమెంట్లను ఒక్కొక్కటిగా అందించే ఇటరేటర్ చివర్లో శుభ్రం చేస్తుందిలే అని మీరు నమ్మకం పెట్టుకోకూడదు, ఎవరైనా దాన్ని మరిచిపోవచ్చు. అందుకే ఎలిమెంట్లను బయటికి తీసే, వెక్‌లోని డ్రెయిన్ పని మొదలుపెట్టగానే వెక్ లెంగ్త్‌ను ముందే తగ్గించేస్తుంది. డ్రెయిన్‌ను ఎవరైనా మధ్యలో వదిలేస్తే కొన్ని ఎలిమెంట్లు వృథాగా మిగిలిపోతాయి, కానీ ఒకే ఎలిమెంట్ రెండుసార్లు డ్రాప్ కాదు. ఖాళీ చేశాక చీటీ చింపడం కాదు, చీటీ చింపాకే ఖాళీ చేయడం మొదలుపెట్టాలి. మధ్యలో పానిక్ వచ్చినా, అంటే తప్పు వచ్చి పని అర్ధంతరంగా ఆగినా, ఇదే కాపాడుతుంది.

ఇది పెద్దలకు కూడా తప్పుతుంది. రస్ట్ సొంత లైబ్రరీలో రెండు చివర్లా పెరిగే వెక్‌డెక్‌లో, రిజర్వ్ అనే ఫంక్షన్‌లో బఫర్ దాటి రాసే లోపం 1.3 నుంచి 1.22 వచ్చేదాకా, రెండేళ్లకు పైగా ఉండిపోయింది. అది కూడా రా పాయింటర్లతో కట్టిన కంటైనరే. స్మాల్‌వెక్ అనే పేరున్న లైబ్రరీలో ఇన్సర్ట్ మెనీ ఫంక్షన్‌లోనే రెండు వేర్వేరు మెమరీ లోపాలు బయటపడ్డాయి. అన్‌సేఫ్ రాసేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని రాయాలని చెబుతున్నాను, భయపెట్టడానికి కాదు.

జిగ్ గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే దానితో నేను రాసింది తక్కువ. మెమరీ కావాల్సిన ప్రతి ఫంక్షన్‌కూ అలాకేటర్‌ను చేతికివ్వాలి, కాబట్టి ఎవరు మెమరీ తీసుకుంటున్నారో కళ్లకు కనిపిస్తుంది. తీసుకున్న మెమరీ తిరిగి ఇవ్వకుండా లీక్ అయితే, టెస్టుల్లో వాడే అలాకేటర్ ఆ టెస్ట్‌ను ఫెయిల్ చేస్తుంది. స్లైస్ (పొడవు కూడా తెలిసిన పట్టిక ముక్క) హద్దులు డీబగ్, రిలీజ్‌సేఫ్ మోడ్‌లలో చూస్తుంది, రిలీజ్‌ఫాస్ట్‌లో చూడదు. పాత అడ్రస్ సమస్యను మాత్రం కంపైల్ సమయంలో పట్టదు. భాష 1.0కు చేరకముందే వాడుతున్నామన్నది కూడా గుర్తుంచుకోవాలి. 0.15లో అర్రేలిస్ట్ వాడే తీరే మారింది. సీ కంటే నయం, రస్ట్ ఇచ్చే భరోసా లేదు.

పాయింటర్ బదులు నంబర్

మిల్లులో నేను చేసిన మరమ్మతు ఇదే. లోపల ఉన్న ట్రాక్టర్ల అడ్రస్ బదులు పట్టికలో వాటి వరస నంబర్ దాచాను. పట్టిక ఎటు మారినా 41వ గది 41వ గదే. ఏ భాషలోనైనా పనిచేసే మందు ఇది, ముందుగా దీన్నే చూడమని అందరికీ చెబుతాను.

అయితే దీనికీ ఒక కీడు ఉంది, దాన్ని దాచిపెట్టి మెచ్చుకోకూడదు. పని అయిపోయిన ట్రాక్టర్‌ను తీసేసేటప్పుడు చివరి రికార్డును తెచ్చి ఆ ఖాళీలో పెట్టేవాణ్ని. చివరి ట్రాక్టర్ వడ్లు దించుతూ లోపలే ఉంటే, దాని నంబర్ ఇప్పుడు తప్పు. ఆ నంబర్ గదిలోకి కొత్త ట్రాక్టర్ వచ్చి చేరుతుంది. ఒక రైతు ఖాళీ బరువు ఇంకో రైతు ఖాతాలో పడుతుంది. మెమరీపరంగా ఇందులో తప్పేమీ లేదు, ఏ టూల్ కూడా పట్టదు, రస్ట్ కూడా అభ్యంతరం చెప్పదు. సున్నా వస్తే గుమస్తా పట్టుకున్నాడు. నమ్మదగిన బరువే వస్తే ఎవరు పట్టుకుంటారు? ఈసారి పరీక్షల్లోనే దొరికింది కాబట్టి బయటపడ్డాం.

దీనికి మందు ప్రతి గదికీ తరం నంబర్ పెట్టడం. గది ఖాళీ చేసినప్పుడల్లా ఆ అంకె ఒకటి పెరుగుతుంది. బయట దాచే చీటీ మీద గది నంబర్‌తో పాటు అప్పటి తరం కూడా రాస్తాం. వెతికేటప్పుడు రెండూ కలవకపోతే "ఆ ట్రాక్టర్ ఇక లేదు" అని జవాబు వస్తుంది, వేరేవాళ్ల రికార్డు రాదు. తీసేసినప్పుడు చివరిదాన్ని తెచ్చి పెట్టడం మానేసి, ఖాళీ గదుల జాబితా ఉంచుకుంటాం. సీలో వంద లైన్ల పని. రస్ట్‌లో స్లాట్‌మ్యాప్ అనే క్రేట్, అంటే లైబ్రరీ, ఇదే చేస్తుంది. ప్రతి వెతుకులాటకూ ఒక పోలిక అదనం. ఆ ఖర్చుకు వెనకాడేంత వేగం అవసరమైన పని నాకు ఇప్పటిదాకా తగల్లేదు.

ఏ భాషైనా ఈ పరీక్షలు తప్పనిసరి

సీ, సీ ప్లస్ ప్లస్ వాళ్లు జీసీసీ, క్లాంగ్ కంపైలర్లు రెండింటిలోనూ ఉన్న, మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌తో టెస్టులు నడపండి. ప్రోగ్రామ్ సుమారు రెండింతలు నెమ్మదిస్తుంది. వాల్‌గ్రైండ్ అనే ఇంకో టూల్ అయితే పది రెట్లకు పైనే. పాత అడ్రస్ ముట్టుకుంటే శానిటైజర్ మూడు జాడలు చూపిస్తుంది: ఎక్కడ ముట్టుకున్నారు, ఎక్కడ వదిలేశారు, మొదట ఎక్కడ తీసుకున్నారు. పైగా దాని కింద రియలాక్ ప్రతిసారీ కొత్త జాగాకే మారుతుంది, అదృష్టం మీద ఆధారపడక్కర్లేదు. కానీ పట్టిక పెరిగితేనే కదా దొరికేది. అందుకే టెస్ట్ బిల్డ్‌లో మొదటి కెపాసిటీని 64 కాదు, 1 పెట్టండి. నా తప్పు 65వ ట్రాక్టర్ దగ్గర కాకుండా రెండో ట్రాక్టర్ దగ్గరే, నా బల్ల మీదే బయటపడి ఉండేది. ఒక పెద్ద జాగా తీసుకుని మీరే ముక్కలుగా పంచుకునే అరీనా వాడితే మాత్రం శానిటైజర్‌కు లోపలి ముక్కల సంగతి తెలియదు, వదిలేసిన ముక్కలను విషపూరితమని, అంటే ముట్టకూడనివని, మీరే గుర్తు పెట్టాలి.

రస్ట్‌లో అన్‌సేఫ్ రాస్తే మిరి అనే పరీక్షా టూల్ లేకుండా వదలకండి. అది ప్రోగ్రామ్‌ను ఒక్కో అడుగు నడిపిస్తూ పాయింటర్ల హక్కులను కూడా చూస్తుంది, శానిటైజర్‌కు దొరకని తప్పులు కూడా దొరుకుతాయి. చాలా నెమ్మది, మీ టెస్ట్ వెళ్లిన దారినే చూస్తుంది, కాబట్టి చిన్నచిన్న టెస్టులు ఎక్కువ రాయండి.

ఇక ఎంపిక. కొత్తగా మొదలుపెడుతూ, నలుగురు పనిచేసే ప్రాజెక్ట్ అయితే రస్ట్ తీసుకోండి, అన్‌సేఫ్ ఒక్క ఫైల్ దాటకుండా చూడండి. పాత సీ ప్లస్ ప్లస్ కోడ్ ఉంటే వెక్టర్‌తోనే ఉండి, లోపలి రిఫరెన్స్‌లు దాచే చోట్లను నంబర్లకు మార్చండి, శానిటైజర్‌ను రోజూ నడపండి. సీ తప్పని చోట పెరిగే పట్టిక అవసరమా అని రెండుసార్లు అడగండి.

మొన్న జడ్చర్ల నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. బాదేపల్లి మార్కెట్‌కు వచ్చే పల్లీల లాట్ల క్యూ లాంటిది నేర్చుకోవడానికి రస్ట్‌లో రాస్తున్నాడట.

"అన్నా, రెండువైపులా లింకులున్న లిస్ట్ రాస్తున్న. బారో చెకర్ అస్సలు ఒప్పుకుంటలేదు. మొత్తం అన్‌సేఫ్ పెట్టేయాల్నా?"

"లిస్టే ఎందుకు తమ్మీ?"

"మధ్యల నుంచి లాట్ తీసేయాలె, అందుకే."

వెక్‌లో గదులు పెట్టి, ముందు వెనుక లింకులుగా గది నంబర్లు, తరం అంకెలు రాయమన్నాను. రెండు రోజుల తర్వాత మెసేజ్ పెట్టాడు, ఒక్క అన్‌సేఫ్ లైన్ లేకుండా అయిపోయిందని. తీసేసిన లాట్‌ను పాత చీటీతో మళ్లీ అడిగే టెస్ట్ రాశావా అని అడిగాను. రాయలేదన్నాడు. రాత్రి పదింటికి ఇంకో మెసేజ్ వచ్చింది: తరం అంకెను ఖాళీ చేసినప్పుడు పెంచడం మరిచిపోయాడట, ఆ టెస్ట్ రాశాకే దొరికిందట.